ఇనుము కంటే ముందు కర్ర: ఒక పాత లేతు చెప్పే చరిత్ర

జంషెడ్‌పూర్ పేరు వినగానే మీకేం గుర్తుకొస్తుంది? ఆకాశాన్నంటే బ్లాస్ట్ ఫర్నేసులు, ఎర్రగా కాగిన ఉక్కు దిమ్మెలు, పట్టాలు, లారీలు. కర్ర మాత్రం గుర్తుకు రాదు. అలాంటి ఊళ్ళో ఒక పాత ఫౌండ్రీ సామానును వేలం వేస్తున్నారని ఊహించుకోండి. షెడ్డులో ఒక మూల గోనెపట్టా కప్పిన యంత్రం ఉంది. బరువు టన్నుకు పైమాటే. చూడటానికి ఇనుము కోసే లేతులాగే ఉంది. కానీ దాని కింద పేరుకున్నది ఇనుప రజను కాదు, చెక్కపొట్టు. ఇది కర్రను తిప్పి చెక్కే భారీ లేతు. ఇలాంటివి తయారు చేయడం ఏనాడో మానేశారు.

వేలానికి ఇద్దరు వచ్చారు. ఒకరు తుక్కు వ్యాపారి. ఆయన యంత్రాన్ని కిలోల్లో లెక్కగడుతున్నాడు. రెండో వ్యక్తి మీరే. మీ కళాశాల వర్క్‌షాపు కోసం దాన్ని కొందామని వచ్చారు. తుక్కు ధర కంటే ఒక్క రూపాయైనా ఎక్కువ పెట్టడానికి మీ దగ్గర కారణం ఉండాలి కదా! ఆ కారణం ఏమిటో తెలియాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి. ఉక్కు నగరంలో కర్ర లేతుకు ఏం పని?

తరిమెన నుంచి లేతు దాకా

లేతు మనకు కొత్తదేమీ కాదు. తెలుగులో దీనికి తరిమెన అనే పాత మాట ఉంది. మీ అమ్మమ్మగారింట్లోని పట్టెమంచం కోళ్ళు, ఉయ్యాల కమ్ములు, మీరు ఆడుకున్న బొంగరం, లక్కపిడతలు అన్నీ తరిమెన పట్టినవే. వీటన్నిటిలోనూ సూత్రం ఒక్కటే. వడ్రంగం బల్ల మీద కర్ర కదలదు, ఉలి కదులుతుంది. తరిమెన మీద కర్ర తిరుగుతుంది, ఉలిని నిలకడగా ఆనించి పట్టుకుంటారు. అందువల్ల ఎక్కడ అడ్డంగా కోసి చూసినా గుండ్రని ఆకారమే వస్తుంది.

ఈ పరికరానికి దొరికిన అతి పాత చిత్రాల్లో ఒకటి ఈజిప్టులో ఉంది. క్రీ.పూ. 300 ప్రాంతానికి చెందిన పెటోసిరిస్ సమాధి గోడ మీద ఇద్దరు పనివాళ్ళు కనిపిస్తారు. ఒకడు తాడును అటూ ఇటూ లాగి కర్రను తిప్పుతుంటే, రెండోవాడు ఉలి పట్టుకున్నాడు. మన దేశంలో విల్లుకు కట్టిన తాడుతో తిప్పే తరిమెనలు చాలాకాలం సాగాయి. మధ్యయుగాల ఐరోపాలో పైన వంగే వాసాన్నీ కింద కాలితో తొక్కే పలకనూ తాడుతో కలిపారు. అయితే వీటన్నిటిలోనూ ఒక లోపం ఉంది. కర్ర ఒకసారి ముందుకు తిరిగితే మరోసారి వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఉలి కోయదు. అంటే సగం కాలం వృథా అన్నమాట. కాలి తొక్కుడును క్రాంకు ద్వారా ఒకే దిశలో తిరిగే చలనంగా మార్చి, దానికి బరువైన చక్రం తగిలించినప్పుడే ఈ లోపం తీరింది. 15వ శతాబ్దం చివర్లో లియొనార్డో డావించి గీసిన బొమ్మల్లో ఇలాంటి లేతు ఒకటి ఉంది.

ఇక మన ఏటికొప్పాకకు రండి. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడ వాడేది అంకుడు కర్ర. బొమ్మ లేతు మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వల్ల పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పొయ్యి లేదు, బ్రష్షు లేదు. యాంత్రిక శక్తి ఉష్ణశక్తిగా మారుతుందన్న పాఠం అక్కడ రోజూ కళ్ళ ముందే జరుగుతుంది.

ఉక్కు నగరంలో వడ్రంగి

ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువు కోసం జంషెడ్‌పూర్‌కు వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు ఈనాటికీ గుర్తుగా నిలిచి ఉంది. వాళ్ళు చేరిన ఊరి చరిత్రను కాస్త చూద్దాం.

1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, సాక్చి అనే పల్లె దగ్గర 1908లో నిర్మాణం మొదలైంది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె బయటికి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్ళాయి. 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. 1921లో ఇక్కడ సాంకేతిక విద్యాసంస్థ ఒకటి మొదలైంది. అప్పట్లో ఈ ప్రాంతం బీహారు-ఒరిస్సా రాష్ట్రంలో భాగం. 2000 నవంబరులో ఏర్పడిన ఝార్ఖండ్‌లోకి వచ్చింది.

1920లలో రైలింజన్లు చేద్దామని ఇక్కడ పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ పుట్టింది గాని, నిలదొక్కుకోలేకపోయింది. దాని షెడ్లు రైల్వేల చేతికి వెళ్ళాయి. 1945లో వాటిని తీసుకుని టెల్కో ప్రారంభమైంది. 1970లో ఆపేసే నాటికి ఆ సంస్థ వెయ్యికి పైగా ఆవిరి ఇంజన్లను తయారు చేసింది. 1954 నుంచి లారీలు కూడా చేస్తూ వచ్చిన ఆ సంస్థనే 2003 నుంచి టాటా మోటార్స్ అంటున్నాం.

ఉక్కుకు రెండు దారులున్నాయి. పట్టాలు, కమ్ములు, రేకులు అయితే రోలర్ల మధ్య నలిగి తయారవుతాయి. కానీ పళ్ళచక్రం, పంపు శరీరం, సిలిండరు, రోలింగు మిల్లు చట్రం వంటి మెలికల ఆకారాలను రోలర్లతో చేయలేం. వాటిని పోత పోయాలి. పోత పోయాలంటే ఇసుకలో ఆ వస్తువు ఆకారంలో ఖాళీ ఉండాలి. ఖాళీ ఏర్పడాలంటే ముందుగా ఆ వస్తువుకు ఒక నమూనా కావాలి. ఫౌండ్రీ భాషలో దీన్ని ప్యాట్రన్ అంటారు. శతాబ్దాలుగా ప్యాట్రన్లను ఎక్కువగా కర్రతోనే చేశారు. కనుక ప్రతి పోత చక్రానికీ ముందు ఒక కర్ర చక్రం పుట్టింది. ఆ కర్ర చక్రాన్ని చేసిన వ్యక్తి ప్యాట్రన్ మేకర్. అతని చేతి కింద నడిచిన యంత్రమే మన గోనెపట్టా కింది భారీ లేతు.

కర్రలో ఇనుమును చూడటం

ప్యాట్రన్ చేయడమంటే వస్తువుకు నకలు చేయడం కాదు. ఇక్కడే అసలు విద్య ఉంది. కరిగిన లోహం గడ్డకట్టి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పోత ఇనుములో ఈ తగ్గుదల సుమారు నూటికి 1 వంతు, ఉక్కులో దాదాపు 2 వంతులు. ప్యాట్రన్ మేకర్ అందుకే మామూలు స్కేలు వాడడు. అతని స్కేలు మీద ఒక మీటరు అని గుర్తున్న చోట నిజానికి 102 సెంటీమీటర్లు ఉంటాయి, ఉక్కు పోతకైతే. అబద్ధం చెప్పే ఈ కొలబద్ద వల్లే నిజమైన కొలత చేతికొస్తుంది!

ఒక చిన్న లెక్క చేయండి. నున్నగా కోశాక 1000 మిల్లీమీటర్ల వ్యాసం ఉండాల్సిన ఉక్కు చక్రం కావాలి. యంత్రం మీద కోయడానికి చుట్టూ 5 మి.మీ. అదనపు లోహం వదలాలి. అంటే పోత వ్యాసం 1010 మి.మీ. దీనికి నూటికి 2 వంతులు కలిపితే కర్ర చక్రం వ్యాసం 1030 మి.మీ. అవుతుంది. ఇంతేకాదు, ఇసుక విరగకుండా ప్యాట్రన్‌ను పైకి లాగాలంటే నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల ఏటవాలు ఇవ్వాలి. లోపల బెజ్జం రావాలంటే ఇసుక దిమ్మెను ఆనించే గూళ్ళకు తగిన పొడుచుకువచ్చిన భాగాలు అమర్చాలి.

కర్రకూ తన సొంత గుణం ఉంది. పచ్చి కర్ర ఎండేటప్పుడు నిలువు పోగు వెంట తగ్గేది దాదాపు వెయ్యిలో ఒక వంతే. అడ్డంగా మాత్రం నూటికి 5 నుంచి 10 వంతుల దాకా తగ్గగలదు. ఎండిన తర్వాత కూడా గాలిలోని తేమను బట్టి కర్ర ఎంతోకొంత కదులుతూనే ఉంటుంది. కనుక ఒకే పలకలోంచి పెద్ద చక్రాన్ని కోస్తే వానాకాలం వచ్చేసరికి అది కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. దీనికి విరుగుడుగా చిన్న చిన్న వంపు ముక్కలను గోడకు ఇటుకలు పేర్చినట్టు, కీలు మీద కీలు పడకుండా, వరుసలుగా అతికిస్తారు. అప్పుడు పోగు చుట్టుకొలత వెంట సాగుతుంది. ఆ తర్వాత దాన్ని లేతుకెక్కించి గుండ్రంగా చెక్కుతారు.

బరువు ఎందుకు?

మీటరు వ్యాసమున్న కర్ర చక్రాన్ని నిమిషానికి 200 చుట్లు తిప్పుదాం. అంచు వేగం సెకనుకు సుమారు 10.5 మీటర్లు, అంటే గంటకు దాదాపు 38 కిలోమీటర్లు. చిన్న బొమ్మలకు వాడే 2000 చుట్ల వేగంతో దాన్నే తిప్పితే అంచు వేగం గంటకు 377 కిలోమీటర్లకు చేరుతుంది. అతుకులు ఊడి ముక్కలు తూటాల్లా లేస్తాయి. కనుక భారీ లేతు ముందుగా నెమ్మదిగా తిరగడం నేర్చుకోవాలి.

ఇప్పుడు ఆ చక్రం అంచున ఒకచోట 100 గ్రాముల బరువు ఎక్కువైందనుకోండి. కర్రలో ఒక ముడి ఉన్నా చాలు. నిమిషానికి 200 చుట్ల వద్ద ఆ బరువు ఇరుసును సుమారు 22 న్యూటన్ల బలంతో లాగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు, అంటే 88 న్యూటన్లు. 800 చుట్ల వద్ద 351 న్యూటన్లు. అంటే దాదాపు 36 కిలోల బరువు సెకనుకు 13 సార్లు దిశ మార్చుకుంటూ యంత్రాన్ని ఊపేస్తుందన్నమాట. తేలికైన లేతు అయితే నేల మీద నడవడం మొదలుపెడుతుంది. ఉలి వణికి కర్ర మీద అలలు పడతాయి. మందపాటి పోత ఇనుప చట్రం ఆ ఊపును తట్టుకుంటుంది. పోత ఇనుములోని గ్రాఫైటు పలుకులు కంపనాలను మింగేస్తాయి కూడా.

ఈ లేతులకు మరో ప్రత్యేకత ఉంది. ఇరుసుకు రెండు చివర్లా పలకలు బిగించవచ్చు. చట్రం మీద పట్టనంత పెద్ద చక్రాన్ని వెనుక చివరకు తగిలించి, నేల మీద విడిగా నిలబెట్టిన ముక్కాలి పీటకు ఉలిని ఆనించి చెక్కేవారు. ఇంగ్లండులోని లెస్టర్‌లో 1897లో మొదలైన వాడ్కిన్, అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌కు చెందిన ఆలివర్ సంస్థలు ఇలాంటి ప్యాట్రన్ లేతులకు పేరు మోశాయి. ఆ పాత భారీ నమూనాల తయారీ ఆగిపోయింది.

తల్లి యంత్రానికి తల్లి

1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే ఉలిని మనిషి చేతిలోంచి తీసి ఇనుప జారుడు పీట మీద బిగించాడు. మరచుట్లు కచ్చితంగా కోసే లేతు రూపొందింది. యంత్రాలను చేసే యంత్రం కాబట్టి లోహపు లేతును తల్లి యంత్రం అంటారు. మన దేశంలో 1941లో హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్, 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్, 1953లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. స్థాపితమై మనకు తల్లి యంత్రాలను అందించాయి.

చరిత్ర పుస్తకాలు ఇక్కడితో ఆగుతాయి. మనం ఒక అడుగు వెనక్కి వేద్దాం. ఆ తల్లి యంత్రపు చట్రం పోత ఇనుముది. దాని చేతిచక్రాలు, కప్పీలు పోత ఇనుమువి. వాటి ప్యాట్రన్లు కర్రవి. గుండ్రని ప్యాట్రన్లను చెక్కింది కర్ర లేతు. లోహపు లేతు తల్లి అయితే ఇది అమ్మమ్మ!

మరి దీని తయారీ ఎందుకు ఆగింది? కారణాలు న్యాయమైనవే. 1958లో అమెరికాలో హెరాల్డ్ ష్రాయర్ అనే ఆయన నురుగు ప్లాస్టిక్ ప్యాట్రన్‌కు పేటెంటు పొందాడు. దాన్ని ఇసుకలోంచి తీయనక్కరలేదు. లోహం పోయగానే ఆవిరైపోతుంది. తర్వాత కంప్యూటర్ నడిపే కోత యంత్రాలు రెసిన్ దిమ్మెల్లోంచి ఎంత వంకర ఆకారాన్నయినా మిల్లీమీటరులో చిన్న భాగం తేడా లేకుండా చెక్కడం నేర్చుకున్నాయి. 1990ల నుంచి పొడిని పొరలు పొరలుగా అతికించి, ప్యాట్రన్ లేకుండానే ఇసుక అచ్చును ముద్రించే పద్ధతి వచ్చింది. వీటివల్ల పని వేగం, కచ్చితత్వం పెరిగాయి. పనివాడి ముక్కులోకి పోయే చెక్క దుమ్ము తగ్గింది. ఈ మార్పును చూసి కన్నీరు కార్చనక్కరలేదు. అయితే ఒక సంగతి మాత్రం గమనించండి. సంకోచం ఎంత, ఏటవాలు ఎంత, పోగు ఎటు అన్న జ్ఞానం ఒకప్పుడు మనిషి వేళ్ళలో ఉండేది. ఇప్పుడు అది ప్రోగ్రాములో ఉంది. ప్రోగ్రాము తప్పు చెబితే పట్టుకోవడానికి ఎవరో ఒకరికి ఆ జ్ఞానం వేళ్ళలో కూడా ఉండాలి కదా!

కొనే ముందు

ఇక వేలానికి తిరిగి వద్దాం. ధర చెప్పే ముందు నాలుగు పరీక్షలు చేయండి.

మొదటిది చట్రం. ఉక్కు బద్దను దాని పొడవునా ఆనించి కింద వెలుతురు కనబడుతుందేమో చూడండి. పగులుకు అతుకు వేసిన గుర్తులుంటే వెనక్కి తగ్గండి. చట్రం పోతే లేతు పోయినట్టే.

రెండోది ఇరుసు. దాని కింద గట్టి కర్రను పెట్టి పైకెత్తండి. టక్కుమని ఆడితే బేరింగులు అరిగాయి. యంత్రం తిరుగుతుంటే, తిరిగే భాగాలకు దూరంగా ఉండి, కర్ర ముక్క ఒక చివర బేరింగు పెట్టెకు ఆనించి రెండో చివర చెవి దగ్గర పెట్టుకుని వినండి. గరగర వినిపిస్తుందా? అయినా భయపడకండి. యంత్రం చేసిన సంస్థ లేకపోయినా బాల్ బేరింగుల కొలతలు ప్రపంచమంతటా ఒక్కటే. బేరింగు మీద 6208 అని ఉంటే చివరి రెండంకెలను 5తో హెచ్చించండి. లోపలి బెజ్జం 40 మి.మీ. అదే సంఖ్య గలది బజారులో దొరుకుతుంది. మరీ పాత లేతుల్లో కంచు బేరింగులుంటే వాటిని పోత పోయించి తొలిపించుకోవచ్చు.

మూడోది మరచుట్లు. పాత ఇంగ్లీషు యంత్రాల్లో అంగుళాల కొలతలు, జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల మరలు ఉంటాయి. ఇప్పటి మెట్రిక్ మర 60 డిగ్రీలది. బలవంతంగా బిగిస్తే రెండూ చెడతాయి. మన దేశం మెట్రిక్ పద్ధతిలోకి మారడం 1958లో మొదలైంది. అంతకు ముందరి యంత్రానికి అంగుళాల పానాలు సిద్ధం చేసుకోండి.

నాలుగోది మోటారు. ఫ్యాక్టరీలో 415 వోల్టుల మూడు ఫేజుల కరెంటు ఉంటుంది. మీ వర్క్‌షాపులో అది లేకపోతే పౌనఃపున్యాన్ని మార్చే డ్రైవ్ అమర్చుకోవచ్చు. అది ఇంకో మేలు కూడా చేస్తుంది. నాలుగు ధ్రువాల మోటారు 50 హెర్ట్జుల వద్ద నిమిషానికి సుమారు 1500 చుట్లు తిరుగుతుంది. 25 హెర్ట్జుల వద్ద అందులో సగమే. పెద్ద చక్రాలకు కావలసిన నిదానమైన వేగం బెల్టు మార్చకుండానే దొరుకుతుంది. ఇక బెల్టులకు రక్షణ కవచం, ముఖానికి అద్దం, దుమ్ము పీల్చే ఏర్పాటు తప్పనిసరి. పాత యంత్రాన్ని గౌరవించండి గాని, దాని పాత ప్రమాదాలను గౌరవించకండి.

చివరగా పెద్ద సందేహం ఒకటి మిగిలింది. తయారీ ఆగిపోయిన యంత్రానికి రేపు చేతిచక్రమో, కప్పీయో విరిగితే ఎలా? ఈ ప్రశ్నకు జవాబు ఆ యంత్రంలోనే ఉంది. విరిగిన ముక్కలను కలిపి కొలతలు తీసుకోండి. నూటికి ఒక వంతు కలపండి. ఆ లేతు మీదే కర్రతో ప్యాట్రన్ చెక్కండి. జంషెడ్‌పూర్ పక్కనున్న ఆదిత్యపూర్ వంటి పారిశ్రామిక వాడలో చిన్న ఫౌండ్రీకి పట్టుకెళ్ళి పోత పోయించండి. తన విడిభాగానికి ప్యాట్రన్‌ను తానే కనగల యంత్రం ఇది. ఆగిపోయింది తయారీయే గాని, యంత్రం కాదు.

తుక్కు వ్యాపారి కొంటే ఏమవుతుంది? ఆ పోత ఇనుము ముక్కలై, కొలిమిలో కరిగి, మళ్ళీ ఏదో ఒక వస్తువుగా పోతపడుతుంది. అదీ వృథా కాదు. ఇనుము ఎక్కడికీ పోదు. పోయేది ఒక్కటే, దాని మీద నేర్చుకోగల విద్య. దాని బరువు కిలోల్లో తూగదు. వేలంలో మీరు తుక్కు ధర మీద పెంచే ప్రతి రూపాయీ ఆ విద్యకు కడుతున్న వెల.

జంషెడ్‌పూర్ దాకా వెళ్ళలేకపోతే మీ ఊరి వడ్రంగి షెడ్డుకో, ఏటికొప్పాకకో వెళ్ళండి. తిరుగుతున్న కర్ర మీద ఉలి ఆనగానే రిబ్బనులా లేచే పొట్టును చూడండి. ఆ తర్వాత ఏ ఇనుప చక్రాన్ని చూసినా, దాని వెనుక ఒకప్పుడు తిరిగిన కర్ర చక్రం మీ కంటికి కనిపిస్తుంది.